పోతాకూ పోయొస్తాకూ మధ్య

మొన్న కడప నుంచి ఇద్దరు వచ్చారు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. కొత్తగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టారట. ఈ పనిలో పాతబడినదాన్ని కదా అని నన్ను వెతుక్కుంటూ కర్నూలు దాకా వచ్చారు. "మీ కాలంలో ఎట్ల చేసేవాళ్లు మేడం?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే తామెట్ల చేస్తారో గంటసేపు చెప్పారు. ఎవరి ఫోను ఎక్కడుందో చూపించే యాప్‌లట, చొక్కా గుండీలో ఇమిడే కెమెరాలట. విన్నాను, కాఫీ ఇచ్చాను. లేచేటప్పుడు ఆ అమ్మాయి, "అప్పుడు మీ దగ్గర ఏముండేవి మేడం?" అంది.

"గొడుగు, ప్లాస్టిక్ వైరు బుట్ట" అన్నాను.

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వించడానికి చెప్పలేదు. తర్వాత "బై మేడం" అని చెయ్యూపి వెళ్లిపోయారు. ఆ "బై" దగ్గరే నాకు ఇది రాయాలనిపించింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

కోటు సంగతి

నా చిన్నప్పుడు బస్టాండు దగ్గర అద్దెకిచ్చే డిటెక్టివ్ నవలలు వచ్చేవి. అట్టమీద నల్లకోటు, వాలుగా పెట్టిన టోపీ, నోట్లో సిగరెట్టు. మొదటి పేజీలోనే ఒక అందగత్తె కన్నీళ్లతో ఆఫీసులోకి వచ్చి అబద్ధం చెబుతుంది. నేను అవన్నీ చదివాను. మా నాన్న తెలుగు పండితుడు కాబట్టి వ్యాకరణం పుస్తకం మధ్యలో పెట్టుకుని మరీ చదివాను. తీరా పనిలోకి దిగాక తెలిసింది, కర్నూలు ఎండలో మే నెలలో ఆ కోటు తొడిగితే హంతకుడికంటే ముందు డిటెక్టివే పోతాడని.

నేను చేరింది టైపిస్టుగా. కొండారెడ్డి బురుజుకు కాస్త అవతల, ఒక దర్జీ దుకాణం పైన మా ఆఫీసు. రెండు కుర్చీలు, ఒక బీరువా, తిరిగితే ఊగిపోయే ఫ్యాను. ఆఫీసు ఖాదర్ సార్‌ది. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్దికాలంలో సర్కారు ఆఫీసులన్నీ డేరాల్లో నడిచేవి కదా, అప్పుడు సార్ ఒక డేరా నుంచి ఇంకో డేరాకు ఫైళ్లు మోసే కుర్రవాడు. జిల్లాల నుంచి వచ్చిన జనం "ఫలానా ఆయన ఏ డేరాలో ఉంటాడప్పా?" అని ఈయన్నే అడిగేవాళ్లు. రాజధాని లేచిపోయింది, డేరాలు లేచిపోయాయి. మనుషుల్ని వెతికిపెట్టే అలవాటు మాత్రం ఈయనకు ఉండిపోయింది. దానికే ఒక బోర్డు కొట్టించాడు.

ఆయనకు కోపం ఎక్కువ, ఓపిక అంతకంటే ఎక్కువ. ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. సర్కారు మనిషినని అబద్ధం చెప్పి ఎవరి గడపా తొక్కకూడదు. "అప్పడాలమ్ము, గాజులమ్ము, అడ్రసు తప్పినానని చెప్పు. అధికారిననొద్దు. నిన్ను చూసి భయపడినోడు నిజం చెప్పడు బేటీ, నువ్వు ఏం యినాలనుకుంటాండావో అది చెప్తాడు" అనేవాడు. ముప్పై ఏళ్లలో నేను చూసిందీ అదే.

రోజుకు ఆరు

మా పనిలో ముప్పాతిక వంతు పెళ్లి విచారణలే. పిల్లవాడు ఎలాంటివాడు, వాళ్లమ్మ నోరెలాంటిది, చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందా. మగవాళ్లకు వంటిళ్లలోకి దారి లేదు. అసలు సంగతులన్నీ వంటింట్లోనే ఉంటాయి. అందుకే సార్ నన్ను టైపు మిషను ముందు నుంచి లేపి చేతికి గొడుగిచ్చాడు.

నా మొదటి విచారణ కడపలో ఒక బ్యాంకు గుమాస్తా మీద. వాళ్ల వీధి మొగదలలో టీకొట్టు ఉంటే దాని యజమానిని అడిగాను. "ఈ పిల్లోడు తాగుతాడా?" అని.

"శానా తాగుతాడుమ్మా. దినానికి ఆరు పడల్ల. ల్యాకుంటే మనిషి మనిషిగా ఉండడు."

పరుగున వచ్చి రిపోర్టు టైపు చేశాను. మా నాన్న నేర్పిన తెలుగులో: "వరుడు నిత్యము మద్యము సేవించును. వ్యసనము ముదిరినది." సార్ చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఎవర్ని అడిగినావు?"

"టీకొట్టాయన్ని సార్."

"టీకొట్టాయప్ప దినానికి ఆరు అన్యాడంటే ఏమి ఆరు?"

కింద దర్జీ కుట్టుమిషను ఆ క్షణానే ఆగిపోయినట్టు నాకిప్పటికీ గుర్తు. ఆ గుమాస్తా పెళ్లి లక్షణంగా జరిగింది, భోజనాలకు నేను కూడా వెళ్లాను. ఆయన టీ తాగుతూనే కనిపించాడు.

"ఆయప్ప చెప్పిన మాట వేరే, నువ్వు రాసిన మాట వేరే" అన్నాడు సార్. "చెప్పింది చెప్పినట్ల రాయి. మన అందం మనం పూయగూడదు." సరే సార్ అన్నాను. సరే అనడం సులభం. "పోతాండా" అని నోరు జారితే తొడపాశం పెట్టి "వెళ్లి వచ్చెదను" అనిపించిన తండ్రి కడుపున పుట్టాను. చేతికి పట్టిన తెలుగు అంత తొందరగా వదలదు.

ఓబులేసు

ఎస్టీడీ బూత్‌లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక పొద్దున ఆఫీసుకు ఒకాయన వచ్చాడు. యాభై అయిదేళ్లుంటాయి. కడప జిల్లాలో నేతపని చేసే ఊరు, పేరు ఓబులేసు. సొంత ఊళ్లో తెలిస్తే నవ్విపోతారని పనిగట్టుకుని కర్నూలు వచ్చాడు. పోలీసు స్టేషన్లో కాగితమిచ్చాడు. అయినా మనసు ఊరుకోలేదు. ఖాదర్ సార్ ఆ రోజు నంద్యాలలో వేరే పని మీద ఉన్నాడు. నేనే కూర్చోబెట్టి నోటుపుస్తకం తెరిచాను.

ఆయన జేబులోంచి ఒక ఫోటో తీశాడు. కొడుకు పెళ్లి ఫోటోలోంచి కత్తిరించిన ముక్క. భార్య నాగమ్మ. పక్కన ఎవరిదో భుజం కూడా కొంచెం వచ్చింది.

"ఎప్పటినుంచి కనపడలేదు?"

"పోయిన అమాస అయిన మర్సనాడు పాయమ్మా."

"ఏమని చెప్పి పోయింది?"

"పోతాండా అని చెప్పి పాయ."

"ఎక్కడికని అడగలేదా?"

"నేను మగ్గం మింద ఉంటి. అడగల్యా." కాసేపు తన అరిచేతులు చూసుకున్నాడు. "కొట్లాట ఏమీ ల్యాదు. యా పొద్దూ ల్యాదు. నాకు ఇంగేమీ వద్దమ్మా. బతికుండాదా ల్యాదా, అంతే కావల్ల. అది తెలిస్తే సాలు."

ఆ మాట అంటూ ఫోటోను నా వైపు ఇంకొంచెం జరిపాడు. నాకు జాలేసింది. ఆ జాలితోనే, మంచి దస్తూరితో రాసుకున్నాను: "వెళ్లి వస్తానని చెప్పి ఇంటి నుండి బయలుదేరినది."

చంకలో పిల్లను పెట్టుకుని

సాయంత్రం సార్ వచ్చి నా పుస్తకం చదివాడు. "వెళ్లి వస్తానని పోయిన మనిషి రాలేదంటే దోవలోనే ఏమో అయింది. ఆస్పత్రులు చూడు, బస్టాండ్లు చూడు" అన్నాడు. ఆయన తీర్మానంలో తప్పులేదు. నేను రాసినదాన్ని బట్టి ఎవరైనా అదే చెబుతారు.

మూడు వారాలు తిరిగాను. కర్నూలు, కడప, రాయచోటి. ప్రతి ఆస్పత్రి మెట్టు ఎక్కేటప్పుడూ లోపల ఆమె ఉండాలని కోరుకోవాలో ఉండకూడదని కోరుకోవాలో తెలిసేది కాదు. ఒకచోట పేరూ ఊరూ చెప్పలేని ఒకామె ఉందన్నారు. వెంటనే వెళ్లాను. నాగమ్మ కాదు. "అమ్మయ్య" అనుకున్నాను. ఆ మంచం మీద మనిషి నా వంక చూస్తోంది. ఆమె కూడా ఎవరికో కావలసిన మనిషే కదా, నేను అమ్మయ్య అనుకోవడమేమిటి? ఆ సిగ్గు చాలాకాలం ఉంది. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను.

నాగమ్మ ప్రతి గురువారం కడప దర్గాకు పోయేదని ఓబులేసు చెప్పాడు. అక్కడా అడిగాను. ఈమధ్య రాలేదన్నారు. వట్టి చేతులతో తిరిగొస్తే సార్ ఒకటే అడిగాడు. "ఊరంతా చూసినావు. ఇల్లు చూసినావా?"

చూడలేదు. మర్నాడు బుట్టలో అప్పడాలు పెట్టుకుని బయల్దేరాను.

ఇల్లంటే ముందుగదిలో గుంట మగ్గం. నేసేవాడు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు. ఓబులేసు ఆ గుంటలోనే ఉన్నాడు. నన్ను చూసి తల దించుకుని, పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడెను విసురుతూనే ఉన్నాడు. నేను వసారాలోకి వెళ్లాను. కోడలు లక్ష్మీదేవి రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నాడెలో పెట్టే నూలు చుట్టలే కండెలు. అంతకుముందు ఆ పీట నాగమ్మది. నేనెవరో మామ చెప్పినట్టున్నాడు, అప్పడాల ధర అడగకుండానే మొదలుపెట్టింది.

"అత్త గడపలో నిలబడి పోతాండా అనె. నాకు గుండె జల్లుమనె. అట్లనగూడదు అత్తా, పోయొస్తా అనల్ల అంటి. నగుకుంటా మళ్లా పోతాండా అనె. ఇంగ పాయ."

నేను నోటుపుస్తకం తీశాను. నా అక్షరాలే. వెళ్లి వస్తానని. ఓబులేసు నాకు ఉన్నమాట ఉన్నట్టే చెప్పాడు. మన ఇళ్లలో ఉప్పు కొనడానికి పక్క వీధికి వెళ్లినా "పోతా" అనకూడదు, అది అశుభం. అందుకని నా కలం ఆయన మాటకు "వస్తా"ను అతికించేసింది, పెళ్లిపిలుపు అంచులకు పసుపు పూసినట్టు. నా మర్యాద వల్ల మూడు వారాలు పోయాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానంటే అక్షరాలా ఇదే. పోయొస్తానన్న మనిషికి దారిలో ఏదో జరిగి ఉంటుంది. పోతానన్న మనిషికి ఏమీ జరగలేదు, ఆమె పోయింది.

"ఏమేం తీసుకుపోయింది?" అన్నాను.

"రెండు చీరలు, ఒక దుప్పటి, కాళ్లనొప్పుల మాత్రలు." లక్ష్మీదేవి ముందుగది వైపు చూసి గొంతు తగ్గించింది. "అటక మింద పాత కట్టె నాడె ఒకటి ఉన్నెది. మామ చిన్నప్పటిది. ఎవురూ వాడరు. అత్త ఊరికే తుడ్సి పెట్టుకునేది. అదీ ల్యా."

"మీ అత్త నేస్తుందా?"

"యాడ నేసేది? మా ఇంట్లో ఆడోళ్లు గుంటలో దిగరుమ్మా. పక్కిండ్లల్లో దిగుతారు. ఈ ఇంట్లో తాతల కాలం నుంచి ల్యా."

ఆస్పత్రికి పోయే మనిషి వెంట నాడె తీసుకుపోదు. బయటికొచ్చి గొడుగు తెరిచాను. తిరగాల్సినవన్నీ తప్పు చోట్లే తిరిగాను కాబట్టి ఇక మిగిలిన చోటు ఒకటే. మగ్గం ఉన్నచోటు.

హుసేనప్ప చెప్పిన ఊరు

కొత్త పిల్లలకు ఒక కిటుకు చెబుతాను. మనిషిని వెతకాలంటే అందరినీ ఎరిగిన పెద్దమనిషి దగ్గరికి పోకండి. అన్ని ఇళ్లకూ పోయే చిన్నమనిషి దగ్గరికి పోండి. మగ్గాల ఊళ్లలో అలాంటివాళ్లు అచ్చు అతికేవాళ్లు. ఒక నేత అయిపోయి కొత్త నూలు ఎక్కించేటప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే అతకాలి. ఆ పని తెలిసినవాళ్లు ఊరూరూ తిరుగుతుంటారు, ఎవరింట్లో ఏ మగ్గం ఆడుతోందో వాళ్ల వేళ్ల మీద ఉంటుంది.

అలా నలుగురైదుగురిని పట్టుకుంటే హుసేనప్ప దొరికాడు. పేరు చూసి సాయిబు అనుకునేరు. పీర్లకు మొక్కుకుంటే పుట్టాడని వాళ్లమ్మ పెట్టిన పేరు, నుదుట మూడు నామాలు. పేరును బట్టి మనిషిని వెతికే మీ కంప్యూటరు ఇలాంటిచోట పప్పులో కాలేస్తుంది.

"ఒకచోట ఉండాది మేడం" అన్నాడు. "ఆలూరు పోయే దోవలో ఒక పల్లె. ఆడ మగ్గం అంటే ఎవురికీ తెలీదు, అందరూ సేద్యగాళ్లే. మాబ్బీ అని ఒకాయమ్మ ఇంట్లో మామ కాలం నాటి మగ్గం మూల పడుండె. ఇప్పుడు ఒక ఆడమనిషి దాంట్లో కూర్చోని నేస్తాంది. అచ్చు అతికేకి నన్ను పిల్సిరి. పోయి చూస్తే ఆయమ్మ నాకంటే బాగ అతుకుతాది. నన్నెందుకు పిలిస్తివమ్మా అంటే, నేను అతికింది సరిగా ఉందో ల్యాదో ఎవురో ఒకరు చూసి చెప్పల్ల గదప్పా అన్యాది."

గుంటలో మనిషి

బస్సు దిగి రెండు మైళ్లు నడిచాను. మధ్యాహ్నం. ఎర్రటి చేలలో వేరుశనగ తప్ప కంటికి ఇంకేమీ ఆనలేదు. మగ్గం చప్పుడు పల్లె బయటి నుంచే వినిపించింది. టక్కుమని ఒకటి, కాస్త ఆగి మరొకటి. చెయ్యి తిరిగినవాళ్ల దెబ్బ కాదు.

గడపలో మాబ్బీ అడ్డం నిలబడింది. "ఎవురమ్మా నువ్వు? దుడ్లు తీస్కోని వచ్చినావా, ఆయమ్మను పట్టకపోయేకి?"

అప్పడాల కథ చెప్పబుద్ధి కాలేదు. వెతికిన మనిషి దొరికాక ఆ మనిషికి నిజమే చెప్పాలన్నది కూడా సార్ మాటే. చెప్పాను. లోపల మగ్గం ఆగింది.

నాగమ్మ గుంటలోంచి లేవలేదు. ఫోటోలో కంటే చిక్కింది, ముఖం మాత్రం తేటగా ఉంది. ఒళ్లో పాత కట్టె నాడె. మగ్గం మీద ఎర్రంచు తెల్ల చీర సగం దాకా వచ్చింది. అంచు ఒకచోట వంకర పోయింది, తర్వాత చక్కబడింది.

"ఏమన్యాడు?" అంది.

"బతికుండాదా ల్యాదా, అది తెలిస్తే సాలన్నాడు."

నాడెలోంచి కండె తీసి, మళ్లీ పెట్టింది. మాబ్బీ చెంబుతో మజ్జిగ తెచ్చి నా పక్కన పెట్టింది. మాబ్బీ మొక్కుకని కడప దర్గాకు వచ్చినప్పుడల్లా కలిసి నాలుగేళ్ల స్నేహమట ఇద్దరిదీ. ఊరికే పడున్న మగ్గం సంగతి మాబ్బీ ఏదో మాటల్లో చెబితే, ఆ మాట నాగమ్మ మనసులో పడిపోయింది.

"నేను దొంగతనంగా రాల్యాదమ్మా" అంది నాగమ్మ. "చెప్పే వస్తి. మగ్గం పక్కన నిలబడి పోతాండా అంటి. మళ్లా గడపలో ఇంగోతూరి అంటి. నాడె సప్పుడు ఆగల్యా."

"కొట్టేవాడా?"

"ఛ. ఆయప్ప యా పొద్దూ చెయ్యెత్తల్యా. ముప్పై ఏండ్లు కండెలు చుట్టి ఇస్తి. ఒక్క తూరి గుంటలో కూర్చుంటానయ్యా, ఒక్క చీర నేసుకుంటా అంటి. నవ్వినాడు. కోపం చేసింటే ఉండిపోదునేమో. నవ్వినాడు."

నేను మజ్జిగ తాగాను.

"ఊరి పేరు చెప్పొద్దుమ్మా" అంది. "చెప్తే నా కొడుకు జీపు మాట్లాడుకోని వస్తాడు. పెద్దమనుషులు నలుగురు ఎక్కుతారు. ఎవురూ నన్ను ఒక్క మాట అనరు. నవ్వుతారు. నవ్వుకుంటా తీస్కపోతారు. ఈ చీర ఇట్లనే నిలబడిపోతాది. అదొక్కటే నా భయం."

మాట ఇవ్వలేదు. ఇవ్వడానికి నాకు అధికారం లేదు, వచ్చిన పని ఓబులేసుది. లేచి గొడుగు తీసుకుని గడపలో నిలబడి అలవాటుగా "పోయొస్తానమ్మా" అన్నాను.

"అట్లనొద్దు. పోయొస్తా అంటే మళ్లా వస్తావు. నీ ఎనకాల ఇంగొకరు వస్తారు. పోతా అని చెప్పి పో."

పుట్టి బుద్ధెరిగాక ఏ గడపలోనూ అనని మాట. మా నాన్న చెయ్యి ఇంకా తొడ మీదే ఉన్నట్టనిపించింది. "పోతానమ్మా" అన్నాను. బస్సెక్కి సీట్లో కూర్చునే దాకా నాకు ఏడుపు వస్తోందన్న సంగతి తెలియలేదు.

రిపోర్టు

సార్‌తో పెద్ద వాదన పెట్టుకోవడానికి సిద్ధపడి వెళ్లాను. ఊరి పేరు రాయనంటే రాయనని చెప్పాలనుకున్నాను. ఆయన అంతా విని, "ఆయప్ప అడిగిందేమి?" అన్నాడు.

"బతికుందా లేదా అని."

"ఐతే దానికే జవాబు రాయి. అడగని దానికి జవాబు ఎందుకు రాస్తావు? మనది పట్టుకొచ్చే ఉద్యోగం కాదు బేటీ, తెలుసుకొచ్చే ఉద్యోగం."

ఆ రోజు నేను టైపు చేసిన రిపోర్టు నా ముప్పై ఏళ్లలో అన్నిటికంటే చిన్నది. "నాగమ్మ బతికే ఉండాది. ఆరోగ్యంగా ఉండాది. పోతాండా అని చెప్పి పోయినాది. రెండుసార్లు చెప్పినాది. ఊరి పేరు చెప్పొద్దు అన్యాది." మా నాన్న చూసి ఉంటే ఎర్రసిరాతో కాగితమంతా కొట్టేసేవాడు.

ఓబులేసు వచ్చి కూడబలుక్కుంటూ చదివాడు. రెండుసార్లు అన్న దగ్గర వేలు ఆపాడు.

"రెండోతూరి నాకు ఇనపల్యా" అన్నాడు.

నా పుస్తకం చూపించి నేను చేసిన తప్పు చెప్పుకున్నాను. ఆయన విన్నది ఒకటి, నేను రాసింది ఒకటి, అందువల్లే మూడు వారాలు అన్నాను. తిడతాడనుకున్నాను.

"నువ్వు తప్పు రాసుకుంటివి. నేను చెవులారా ఇని గూడా పోయొస్తా అనే అనుకుంటి లేమ్మా." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేవబోతూ ఆగాడు. "నాడె దాని కాడ్నే ఉందా?"

అంటే తెలుసు. అటక మీద నాడె లేదని మొదటిరోజే చూశాడు. నేను సార్ వైపు చూశాను. సార్ ఫ్యాను వైపు చూశాడు.

"ఉంది" అన్నాను.

"నేస్తాందా?"

"నేస్తాంది."

ఎక్కడ అని అడగలేదు. తల ఊపి మెట్లు దిగి పోయాడు.

కండెలు

రెండు నెలలకు మళ్లీ వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. బల్ల మీద పెట్టి విప్పాడు. నిండా కండెలు, తెల్లనూలు.

"ఊరు అడగనుమ్మా. ఇవి ఇయ్యి, సాలు. గుంటలో కూర్చుంటే కండెలు చుట్టేకి దాని కాడ ఎవురుండారు?"

"కోడలు చుట్టిందా?"

"నేనే." చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అప్పటికే చూశాను. చూపుడువేలు మీద నూలు కోసిన గీతలు.

ఇది మా పని కాదు. ఏ ఏజెన్సీ చేయదు. మీరు కూడా చేయొద్దనే చెబుతాను, ఎందుకంటే ఇరువైపులా తిరగడం మొదలుపెడితే మీరు డిటెక్టివులు కారు, చుట్టాలైపోతారు. నేను చేశాను. వైరు బుట్టలో కండెలు సర్దుకుని ఆలూరు బస్సెక్కాను.

ఈసారి మగ్గం చప్పుడు వేరుగా ఉంది. మధ్యమధ్య ఆగడం తగ్గింది. మొదటి చీర అయిపోయింది, మాబ్బీ కట్టుకుని తిరుగుతోంది. నాగమ్మ రెండోది నేస్తోంది. బుట్ట ఆమె ముందు పెట్టాను. ఒక కండె తీసి వేళ్లతో నొక్కి చూసింది.

"ఎవురు చుట్టినారు ఇవి, ఇంత వదులుగా?"

ఇంకొకటి తీసింది, ఇంకొకటి. ఆమె చెయ్యి ఆగిపోయింది. మాబ్బీ వంగి చూసి, "నూలు చుట్టినాడా, గాలి చుట్టినాడా?" అంది. నాగమ్మ ముఖం గోడవైపు తిప్పుకుని కొంగు అడ్డం పెట్టుకుంది. కొంతసేపటికి ఒక కండెను నాడెలో పెట్టి విసిరింది. పోగు తెగింది. అతికింది. మళ్లీ తెగింది, మళ్లీ అతికింది. తీసి పారేస్తుందనుకున్నాను, పారేయలేదు.

"ఏలు బిగిచ్చి చుట్టల్లని చెప్పు ఆయప్పకు" అంది మగ్గం వైపే చూస్తూ.

నేను లేచి గడప దాకా వచ్చాను. పోయినసారి నేర్పిన పాఠం గుర్తుంది.

"పోతానమ్మా" అన్నాను.

నాడె ఆగింది.

"ఏం మాట అది, గడపలో నిలబడుకోని?" అంది నాగమ్మ గుంటలోంచి. "పోయొస్తా అను."